సున్నం వేసే ముందు గోడను ఒక్కసారి చూడండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాలలో పాత గుడులను బాగుచేయిస్తున్న జీర్ణోద్ధరణ కమిటీల పెద్దలకు, దేవాదాయ ధర్మాదాయ శాఖ అధికారులకు నమస్కారాలు.

నేను కోవూరు మండలంలో ఉంటున్న విశ్రాంత ఉపాధ్యాయురాలిని. మావారు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలల్లో తెలుగు పండితులుగా పనిచేసి 2011లో పదవీ విరమణ చేశారు; 2024 డిసెంబరులో, మార్గశిర మాసంలో, కన్నుమూశారు. మీలో కొందరికి ఆయన రూపం గుర్తుండవచ్చు. భుజాన గుడ్డసంచి తగిలించుకొని, చేత నీళ్ళ బకెట్టు పట్టుకొని, తెల్లవారకముందే మీ ఊరి గుడి ప్రాకారం దగ్గరికి వచ్చి, గోడకు చెంప ఆనించి పక్కవాటుగా చూస్తూ నిలబడిన పెద్దమనిషి ఆయనే. వెనకాల నిచ్చెన పట్టుకొని నిలబడ్డ మనిషిని నేను. మీలో ఏ కమిటీ ఏ ఊళ్ళో ఏ పని మొదలుపెట్టబోతున్నదో నాకు తెలియదు కనుక, తెలిసేలోగా పని అయిపోవడం ఆయన జీవితంలో ఎన్నోసార్లు జరిగింది కనుక, గుడిగోడల మీద, రాళ్ళ మీద చెక్కి ఉన్న పాత రాతలను, అంటే శాసనాలను, కాపాడమని మీ అందరికీ కలిపి ఈ లేఖ రాస్తున్నాను.

మాకు 1979లో పెళ్ళయింది. ఆయనకు శాసనాల ధ్యాస పట్టింది మాత్రం 1986లో, ఉదయగిరి వైపు ఒక ఉన్నత పాఠశాలకు బదిలీ అయిన తరువాత. తరగతిలో తిక్కన పద్యం చెబుతుండగా ఒక పిల్లవాడు లేచి, "తిక్కన గూడా మనం రాసే అక్షరాలే రాశాడా అయివారూ?" అని అడిగాడట. ఆ పిల్లవాణ్ణీ తరగతి మొత్తాన్నీ వెంటబెట్టుకొని ఆయన ఊరి చివర పాడుబడ్డ శివాలయానికి వెళ్ళారు. అక్కడ ధ్వజస్తంభం పక్కన నిలువెత్తు రాయి, దాని నిండా అక్షరాలు. పిల్లలు ఆయన ముఖం చూశారు, ఆయన రాయిని చూశారు. 'స్వస్తిశ్రీ' దాటి ఒక్క మాట చదవలేకపోయారు. ఆ రాత్రి అన్నం ముందు కూర్చొని, "పరీక్షలు ప్యాసైన తెలుగు పండితుణ్ణి. నా భాషలో, నేను పాఠం చెప్పే ఊళ్ళో రాసి ఉన్నదాన్ని చదవలేకపోయాను" అన్నారు. ఆ మాటను ఆయన అప్పుపత్రం లాగా చివరిదాకా జేబులో పెట్టుకొని తిరిగారు.

తరువాత కొన్నేళ్ళపాటు మాకు వేసవి సెలవులంటే తిరుపతి, మద్రాసు గ్రంథాలయాలే. పుట్టింటికి పోయే రైలు డబ్బులు కాగితాలకూ జిరాక్సులకూ ఖర్చయ్యేవి. ఒక్కొక్క శతాబ్దానికి ఒక్కొక్క నోటుపుస్తకం పెట్టి, అ నుండి ఱ వరకు ప్రతి అక్షరం ఆ నూరేళ్ళలో ఎలా ఉండేదో గీసుకున్నారు. తలకట్టు ఏ కాలంలో అడ్డగీతలా ఉండేదో, ఎప్పటికి ఇప్పటి వంపు తిరిగిందో, ఇప్పటి పుస్తకాల్లో కనబడని వలపలగిలక (హల్లుకు ముందు పలికే రకారానికి గుర్తు) రాతి మీద ఎలా ఉంటుందో చేతితో రాసి రాసి నేర్చుకున్నారు. చాలా శాసనాలలో మాటకూ మాటకూ మధ్య ఖాళీ ఉండదు. ఎక్కడ విడగొట్టాలో భాష తెలిసినవాడే పోల్చుకోవాలి. కొన్నిచోట్ల శక సంవత్సరాన్ని అంకెల్లో వేయకుండా మాటల్లో చెబుతారు. శశి అంటే ఒకటి, నేత్రం అంటే రెండు, వేదం అంటే నాలుగు, గిరి అంటే ఏడు. వాటిని చివరి నుండి వెనక్కి పేర్చుకొని, వచ్చిన సంఖ్యకు 78 కలిపితే మనకు తెలిసిన సంవత్సరం వస్తుంది. ఈ లెక్కను ఆయన నాకు వంటింట్లో, నేను బియ్యంలో రాళ్ళు ఏరుతుండగా నేర్పారు.

ఆయన పనికి ఆధారం 1905లో మద్రాసులో అచ్చయిన మూడు సంపుటాలు. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల చెట్టి అనే ఇద్దరు అధికారులు నెల్లూరు జిల్లాలోని రాతిశాసనాలనూ రాగిరేకులనూ తాలూకాల వారీగా సేకరించి అచ్చువేయించినవి. అప్పటి లెక్కలో ఒంగోలు, కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి కూడా ఆ పుస్తకాలలోనే ఉన్నాయి. ఆ తరువాత 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడింది, 2022లో హద్దులు మళ్ళీ మారాయి. నేను రెండు జిల్లాల వారికీ కలిపి రాయడానికి కారణం ఇదే. మావారి నోటుపుస్తకాలలో ఇవి ఎప్పుడూ ఒకటే జిల్లాగా ఉన్నాయి. ఆ సంపుటాల జిరాక్సు ప్రతిని పట్టుకొని, ఆదివారాలూ సెలవులూ మొదట సైకిలు మీద, తరువాత టీవీఎస్ ఫిఫ్టీ మీద, ఊరి తరువాత ఊరు తిరిగారు. రాయి చెప్పినచోటే ఉంటే పక్కన నీలి పెన్సిలుతో గుర్తు పెట్టేవారు. కనబడకపోతే ఎర్ర సున్నా చుట్టేవారు. ఉండి కూడా రంగు కిందో సున్నం కిందో సిమెంటు కిందో చదవడానికి వీలుకాకుండా ఉంటే పసుపు గీత గీసేవారు. ఆ జిరాక్సు కాగితాలు ఇప్పుడు నా దగ్గరే ఉన్నాయి. మొదటి ఏళ్ళలో పసుపు గీతలు పెట్టినచోట తరువాతి ఏళ్ళలో ఎర్ర సున్నాలు పడ్డాయి. నేను ఈ లేఖ రాయడానికి ఆ కాగితాలే కారణం.

రాళ్ళ మీద రాజుల పొగడ్తలు తప్ప ఏముంటుందని అడిగిన వారికి ఆయన పోరుమామిళ్ళ చెరువు శాసనం కథ చెప్పేవారు. ఆ చెరువు కడప జిల్లాలో ఉంది గాని, దాన్ని కట్టించిన విజయనగర రాకుమారుడు భాస్కరుడు, భవదూరుడని మరో పేరు, మన ఉదయగిరి నుండి పాలించినవాడు. 1369 నాటి ఆ శాసనంలో చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేమిటో, ఉండకూడని ఆరు దోషాలేమిటో, రోజూ వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు పనిచేస్తే ఆ కట్ట ఎలా లేచిందో చెక్కించి పెట్టారు. నేలలో చవుడు ఉండకూడదని, కట్ట మరీ పొడవు కాకూడదని చదువుతూ ఆయన, "ఇంజనీరింగు కాలేజీ పిల్లలకు ఇది ఒక పూట చెప్పాలి" అనేవారు. రెండో కథ ఉదయగిరిదే. 1514లో శ్రీకృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల నుండి ఆ కోటను గెలిచి, అక్కడి బాలకృష్ణుని విగ్రహాన్ని విజయనగరానికి తీసుకుపోయి, దానికోసం గుడి కట్టించి, ఆ సంగతి రాతి మీద రాయించాడు. ఆ విగ్రహం ఈనాడు హంపిలో లేదు, చెన్నై మ్యూజియంలో ఉంది. గుడి నుండి విగ్రహం వెళ్ళిపోయినా, అది మన ఉదయగిరిదని హంపిలో ఆ రాయి ఈనాటికీ చెబుతున్నది.

నిజానికి ఆయనకు ప్రాణమైనవి ఇంత పేరున్న శాసనాలు కావు. అఖండదీపానికి గొర్రెలను దానమిచ్చి, వాటి నేతిని రోజూ గుడికి కొలిచే బాధ్యతను గొల్లలకు అప్పగించే రకం శాసనాలంటే ఆయన మొహం వెలిగేది. తన తల్లిదండ్రుల పుణ్యం కోసం దీపం పెట్టించిన ఒక స్త్రీ, చెరువు కింద కొంత నేలను దేవుడికి విడిచిన ఒక రైతు; పుస్తకాల్లో ఎక్కడా లేని మనుషులు వీళ్ళు. "ఈ అమ్మకు లోకంలో ఉన్న గుర్తు ఈ మూడు పంక్తులే" అని ఒకచోట ఆ రాతిని అరచేత్తో నిమిరారు. అలాంటి పేర్లను ఆయన మా ఇంట్లో చుట్టాల పేర్లలాగా తలచుకునేవారు.

నకలు తీసే పని గురించి కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది మీకు భయపడవలసిన పని కాదు, ఖర్చయ్యే పనీ కాదు. ముందు రాతిని నీళ్ళతో, మెత్తని కుంచెతో కడగాలి. ఇనుప బ్రష్షు తగలనీయకూడదు. చేతితో తయారైన పలుచని కాగితాన్ని తడిపి రాతి మీద ముడతలు లేకుండా పరచి, గట్టి కుంచెతో సమంగా కొట్టుకుంటూ పోతే కాగితం అక్షరాల గుంటలలోకి దిగుతుంది. గట్టిగా కొడితే చిరుగుతుంది, మెల్లగా కొడితే మధ్యలో గాలి నిలుస్తుంది. తడి సగం ఆరినప్పుడు, గుడ్డలో మూటకట్టిన మెత్తకు సిరా పట్టించి పైపైన అద్దాలి. గుంటలోకి దిగిన చోట సిరా అంటదు, కనుక నల్లని కాగితం మీద తెల్లని అక్షరాలు లేస్తాయి. ఆరిన తరువాత కాగితాన్ని ఒలిచి తీస్తే రాయి ఎప్పటిలాగే ఉంటుంది. ఎండ ఎక్కితే కాగితం ఉన్నట్టుండి ఆరి ఊడిపోతుంది కనుకనే తెల్లవారకముందే బయలుదేరేవాళ్ళం. ఉదయపుటెండ ఏటవాలుగా పడినప్పుడు, మిగతా పగలంతా నున్నగా కనబడే గోడ మీద కూడా అక్షరాలు నీడలై లేస్తాయి. ఆయన చెంప ఆనించి చూసింది ఆ నీడల కోసమే. అక్షరాలలో పిండి గానీ సుద్ద గానీ రుద్దనిచ్చేవారు కాదు. రాతికి పనికిరాదని కొంత, రుద్దే మనిషి తాను ఊహించుకున్న అక్షరాన్నే పూరిస్తాడని కొంత.

నకలు తీసిన తరువాత ఆయన ఒక్క పనిని మాత్రం ఎంత ఎండైనా మానేవారు కాదు. ఊళ్ళో ఎవరున్నారో వాళ్ళందరినీ పిలిచి, శాసనంలో ఉన్నది మొదటి నుండి చివరిదాకా పైకి చదివి, అర్థం చెప్పేవారు. దీనికి ఒక బాధాకరమైన కారణం ఉంది. మన మెట్ట ప్రాంతాలలో చదవరాని రాత కనబడితే అది గుప్తనిధికి దారి అని నమ్మేవారు ఉన్నారు. అమావాస్య రాత్రుల్లో వచ్చి రాళ్ళు పగలగొట్టి, శివలింగాల కింది పానవట్టాలు పెకలించి పోయిన చోట్లను మేమిద్దరం చూశాము. ఇందులో ఉన్నది ఫలానా చెరువు కింద ఇంత నేల, ఫలానా దీపానికి ఇంత నెయ్యి, ఇంతకు మించి ఏమీ లేదని ఊరందరి ముందు చదివి చెబితే రాయి బతుకుతుందని ఆయన లెక్క. చదవడం పూర్తయ్యేసరికి ఎవరో ఒక ముసలాయన, "ఆ చెరువు పేరు మేమింకా అట్లనే పిలస్తామయ్యా" అనేవాడు. ఆ మాట వినడానికే ఆయన అంత దూరం వచ్చినట్టు ఉండేది.

ఇక మీతో చెప్పవలసిన విషయానికి వస్తాను. ఒక ఊరి పేరు రాయను. ఆ ఊరివాళ్ళు మంచివాళ్ళు, మమ్మల్ని ఆదరించినవాళ్ళు. అక్కడి గుడి గర్భాలయం బయటి గోడ మీద ఉన్న శాసనానికి 1994లో మేము నకలు తీశాము. పన్నెండేళ్ళ తరువాత, ఒక పంక్తిలో అనుమానం వచ్చి ఆయన మళ్ళీ వెళ్ళేసరికి, ఊరివాళ్ళు చందాలు పోగుచేసి గుడిని బాగుచేయిస్తున్నారు. పాత రంగులూ మసీ పోవడానికి యంత్రంతో ఇసుకను గోడ మీదికి జోరుగా కొట్టించారు. గోడ కొత్త రాయిలాగా తెల్లగా మెరుస్తున్నది. శాసనం ఉన్నచోట వేలు పెట్టి వెతికితే, లోతుగా చెక్కిన రెండు మూడు అక్షరాల అడుగులు మాత్రం తగిలాయి. ఆయన ఎవరినీ ఒక్క మాట అనలేదు. మెట్ల మీద చాలాసేపు కూర్చొని, వాళ్ళు పెట్టిన ప్రసాదం తిని, ఇంటికి వచ్చి ఎర్ర పెన్సిలు తీశారు. కుంభాభిషేకానికి ముందు ఆ కమిటీ పెద్దలే మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, కరపత్రంలో గుడి చరిత్ర వేయాలి, మీ దగ్గర ఏమైనా ఉందా అని అడిగారు. ఆ గోడ మీద ఉండవలసినదాన్ని ఆయన అటక మీది కట్టలోనుండి తీసి వాళ్ళ చేతికిచ్చారు. వాళ్ళలో ఒకాయన ఆ కాగితాన్ని కళ్ళకద్దుకొని ఏడ్చాడు. ఇసుక కొట్టించడం ద్వేషంతో చేసిన పని కాదు, భక్తితో చేసిందే. అందుకే మీ భక్తిని నేను ఇసుమంతైనా శంకించడం లేదు.

ఆ తరువాత ఏ కమిటీతో మాట్లాడినా ఆయన ఒక శ్లోకం చదివేవారు. అది మన గుడిగోడల మీద, రాగిరేకుల మీద, దానం చెప్పిన తరువాత చివర చెక్కే శ్లోకాలలో ఒకటి: "స్వదత్తాద్ద్విగుణం పుణ్యం పరదత్తానుపాలనం, పరదత్తాపహారేణ స్వదత్తం నిష్ఫలం భవేత్." తాను ఇచ్చినదానికంటె ఇతరులు ఇచ్చినదాన్ని కాపాడటం రెట్టింపు పుణ్యం, ఇతరులు ఇచ్చినదాన్ని పోగొడితే తాను ఇచ్చింది కూడా ఫలించదు అని అర్థం. గ్రానైటు పలకల మీద ఈనాటి దాతల పేర్లు చెక్కించి, ఆ పలకలను ఏడెనిమిది వందల ఏళ్ళనాటి దాత పేరు మీద సిమెంటుతో అతికించడం ఎంత పొరపాటో చెప్పడానికి నాకు ఇంతకంటె పెద్ద ప్రమాణం తెలియదు.

నవంబరు 2021లో పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలుకట్ట కొట్టుకుపోయినప్పుడు మా ఇంట్లోకీ నీళ్ళు వచ్చాయి. ఆయనకు అప్పటికి అరవై ఎనిమిదేళ్ళు, మోకాళ్ళ నొప్పులు. నేను బియ్యం బస్తాలు మంచాల మీదికి ఎత్తమంటుంటే వినకుండా, నకళ్ళ కట్టలను ఒక్కొక్కటిగా పక్కింటివాళ్ళ మేడ మీదికి చేర్చారు. మా బియ్యం, పరుపులు, నా పెళ్ళినాటి చీరలు తడిసిపోయాయి. కాగితం ఒక్కటీ తడవలేదు. ఆ రోజు నేను ఆయనను చాలా కఠినంగా మాట్లాడాను. ఇప్పుడు ఆ కట్టలను ఎండలో పరచి వేపాకు పెట్టి మళ్ళీ కట్టేటప్పుడు, ఆ మాటలు నేను వెనక్కి తీసుకోలేనన్న బాధ ఉంది.

పోయేముందు ఏడాది, ఆయన మెట్లెక్కలేని స్థితిలో ఉండగా, కనిగిరి వైపు ఒక గుట్ట మీది గుడికి రంగులు వేయబోతున్నారని తెలిసింది. ఆటో మాట్లాడుకొని వెళ్ళాము. ఆయన గుట్ట కింద చింతచెట్టు నీడన కూర్చున్నారు. నేను, ఆటో నడిపే అబ్బాయి పైకి ఎక్కాము. ముప్ఫై ఏళ్ళు నిచ్చెన పట్టుకున్నదాన్ని, కుంచె నా చేత పట్టడం అదే మొదటిసారి. కాగితం ఒలిచి కిందికి తెచ్చి ఆయన ఒడిలో పరిచాను. చాలాసేపు చూసి, "బాగా వచ్చింది. నాలుగో పంక్తిలో గాలి చేరింది. రేపు పొద్దున మళ్ళీ ఎక్కాలి" అన్నారు. ఆ రాత్రి ఊళ్ళోనే పడుకొని తెల్లవారుజామున మళ్ళీ ఎక్కి మళ్ళీ తీశాను. ఆ రెండో నకలును ఆయన చదివి తన చేతితో ఎత్తి రాసుకున్నారు. నోటుపుస్తకంలో ఆఖరి శాసనం అదే.

మీరు చేయగలిగిన పనులు పెద్దవేమీ కావు. పని మొదలుపెట్టే ముందు ఒక ఉదయం, ఒక సాయంత్రం, ఎండ వాలుగా ఉన్నప్పుడు గర్భాలయం గోడలు, వాటి అడుగున ఉండే రాతి పీఠం (అధిష్ఠానం), స్తంభాలు, గుమ్మపు రాళ్ళు, ప్రాకారంలో తలకిందులుగా అమర్చిన రాళ్ళు ఒకసారి చూడండి. అక్షరమన్నది ఒక్కటి కనబడినా, పురావస్తు శాఖవారికో దగ్గరలోని కళాశాల చరిత్ర అధ్యాపకులకో కబురు చేసి, నకలూ ఫొటోలూ తీయించిన తరువాతనే మేస్త్రీని ఆ గోడ దగ్గరికి రానివ్వండి. ఇసుక కొట్టించవద్దు, ఇప్పటికే రంగు పడిన రాతలను ఉలితో గీకించవద్దు, ఆ పని తెలిసినవాళ్ళకు వదలండి. విడిరాళ్ళను కాలువ మీద పలకగానో మెట్టుగానో వేయకుండా గుడి ఆవరణలోనే నిలబెట్టించండి. దేవాదాయ శాఖ అధికారులకు నా మనవి ఒక్కటే: మరమ్మతుల అంచనాలు మంజూరు చేసే కాగితంలో, ఈ గుడిలో శాసనాలున్నాయా, ఉంటే నకలు తీయించారా అని ఒక్క గడి పెట్టించండి. ఆ గడి నింపవలసి వస్తే, ఎవరో ఒకరు గోడ దగ్గరికి వెళ్ళి చూస్తారు.

మావారు తీసిన నకళ్ళు, పదిహేడు నోటుపుస్తకాలు, గుర్తులు పెట్టిన ఆ జిరాక్సు సంపుటాలు మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. మీ ఊరి శాసనం వాటిలో ఉంటే, దాని ప్రతిని, అర్థంతో సహా, మీ గుడికి ఉచితంగా ఇస్తాను. లేకపోతే, మీ గుడి పని మొదలయ్యేలోగా కబురు పెట్టండి. ముందురోజు రాత్రికే వచ్చి మీ ఊళ్ళో ఉంటాను. కుంచె, కాగితం, సిరా నేను తెచ్చుకుంటాను. నిచ్చెన ఒక్కటి మీరు చూసిపెట్టండి.

ఇట్లు,
ఒక తెలుగు పండితుని భార్య,
కోవూరు మండలం, నెల్లూరు జిల్లా.